అన్నీ మానేశాక మాంసకృత్తులు ఎక్కడి నుంచి?

పాఠకుల ప్రశ్నలు – పోషకాహార నిపుణురాలి జవాబులు

ప్రశ్న: నమస్కారం. నా వయసు 41 ఏళ్లు, బరువు 58 కిలోలు. పాలు, గుడ్లతో సహా జంతువుల నుంచి వచ్చే ఆహారమేదీ పదేళ్లుగా తీసుకోవడం లేదు. అది నా మనస్సాక్షికి సంబంధించిన నిర్ణయం కాబట్టి దాన్ని మార్చుకునే ఉద్దేశం లేదు. ఐదు నెలల కిందట నాకు సీలియాక్ వ్యాధి (గోధుమలు, బార్లీ వంటివాటిలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పేగుకు పడకపోవడం) ఉందని పరీక్షల్లో తేలడంతో గోధుమలు, బార్లీ మానేశాను. సోయా చిన్నప్పటి నుంచీ పడదు. తింటే దద్దుర్లు వచ్చి పెదవులు వాస్తాయి. ఈ మధ్య పప్పులు తిన్నా కడుపు ఉబ్బరించి రాత్రి నిద్ర ఉండటం లేదని వాటినీ ఆపేశాను. ఇప్పుడు అన్నం, కూరగాయలు, పండ్లు మాత్రమే మిగిలాయి. జుట్టు బాగా రాలుతోంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మాంసాహారం మొదలుపెట్టక తప్పదని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నిజంగా నాకు మరో దారి లేదా? – ఒక పాఠకురాలు

జవాబు: దారి ఉంది. మీ నిర్ణయాన్ని వదులుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే ఆహారం గురించి మాట్లాడే ముందు, మీరు ఈ వారంలోనే చేయించుకోవలసిన రక్తపరీక్షల గురించి చెప్పాలి. జుట్టు రాలడం, ఆయాసం మాంసకృత్తుల లోపం వల్లనే వచ్చాయని మీరు అనుకుంటున్నారు. కానీ సీలియాక్ వ్యాధిలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతినడం వల్ల ముందుగా ఇనుము, ఫోలేట్ సరిగా ఒంటికి పట్టవు, ఆయాసానికి రక్తహీనతే కారణం కావచ్చు. ఈ వ్యాధి ఉన్నవారిలో థైరాయిడ్ సమస్యలు కూడా తోడుగా కనిపిస్తుంటాయి. అందుకని హిమోగ్లోబిన్, ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్, ఫోలేట్, బి12, విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు మీ వైద్యుల సలహాతో చేయించుకోండి. పదేళ్లుగా జంతు సంబంధమైన ఆహారం లేదంటున్నారు గానీ, బి12 మాత్ర వేసుకుంటున్నారో లేదో రాయలేదు. మొక్కల నుంచి వచ్చే ఏ ఆహారంలోనూ ఆ విటమిన్ నమ్మదగిన మోతాదులో దొరకదు. దాని లోపం రక్తంతో ఆగకుండా నరాలదాకా వెళుతుంది, ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. కాబట్టి ఇది పప్పులతోనో గింజలతోనో పూడే లోటు కాదు, బి12 అదనంగా తీసుకోవలసిందే.

ఇక మాంసకృత్తుల సంగతి. ఈ మాటలోనే ‘మాంసం’ ఉండటం వల్ల అవి మాంసంలోనే ఉంటాయన్న భావం చాలామందిలో పాతుకుపోయింది. నిజానికి ఆ పదానికి మాంసాన్ని, అంటే కండను, తయారుచేసేవి అని అర్థం. మాంసం నుంచి వచ్చేవి అని కాదు. మన శరీరం తన మాంసకృత్తులను కట్టుకోవడానికి 20 రకాల అమైనో ఆమ్లాలను వాడుకుంటుంది. వాటిలో 9 మాత్రం తనంతట తాను తయారుచేసుకోలేదు కాబట్టి ఆహారం నుంచే అందాలి. ఆ తొమ్మిదీ మొక్కల్లో ఉన్నాయి. తేడా అంతా పాళ్లలోనే ఉంది. వరి, గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పుధాన్యాల్లో లైసిన్ పుష్కలం, గంధకం ఉండే మిథియోనిన్ తక్కువ. ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. రెండూ ఒకే పూటలో, ఒకే పళ్లెంలో కలవాలని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. అంత అవసరం లేదని తర్వాత స్పష్టమైంది; ఒక రోజు మొత్తంలో రెండూ అందితే చాలు.

మీకు ఎంత కావాలో లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం కలిసి 2007లో ప్రచురించిన నివేదిక ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 58 కిలోలకు అది సుమారు 48 గ్రాములు. అయితే మొక్కల మాంసకృత్తులు కొంచెం తక్కువగా జీర్ణమవుతాయి, మీ పేగు ఇంకా కోలుకుంటూ ఉంది. అందుకని మీరు 55 నుంచి 60 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. అదే నివేదిక లైసిన్ అవసరాన్ని కిలోకు 30 మిల్లీగ్రాములుగా చెప్పింది, అంటే మీకు రోజుకు 1740 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీ పళ్లెం చూడండి. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా మాంసకృత్తులు 20 గ్రాములకు కాస్త అటూఇటూగానే వస్తాయి, లైసిన్ మీ అవసరంలో సగం కూడా రాదు. కూరగాయలు, పండ్లు కలిపినా ఆ లోటు పూడదు. ఇంట్లోవాళ్ల ఆందోళనలో నిజం అంతవరకే ఉంది: ఇప్పుడు మీరు తింటున్నది చాలదు. ఆ లోటు మాంసంతోనే తీరాలనడం మాత్రం సరికాదు.

మీ ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ చదివాక నాకు అనిపించినది ఒకటి చెబుతాను. మీరు మానేసిన వాటిలో గోధుమ, బార్లీ, వాటితోపాటు రై అనే ధాన్యం వ్యాధి కారణంగా తప్పనిసరిగా మానవలసినవి. సోయా అలర్జీ కారణంగా మానవలసినది. పెదవులు వాచే స్థాయి అలర్జీ కాబట్టి దాంతో ప్రయోగాలు వద్దు. పప్పులు మాత్రం ఆ వరుసలోవి కావు. అవి మీకు అపకారం చేసేవి కావు, ప్రస్తుతం ఇబ్బంది పెడుతున్నవి. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే చాలామంది ఆహారం అవసరానికి మించి కుంచించుకుపోతుంది. మీ విషయంలో అలా పోయినవి అన్నిటికంటే విలువైన పదార్థాలు.

పప్పులు తింటే కడుపు ఎందుకు ఉబ్బరిస్తుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. వాటిలో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు ఉంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనుషుల చిన్నపేగులో తయారుకాదు కాబట్టి అవి అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువును పుట్టిస్తాయి. ఇది అందరిలోనూ జరిగేదే. మీకు ఇప్పుడు ఎక్కువగా తెలుస్తోందంటే, సీలియాక్ వల్ల దెబ్బతిన్న పేగు ఇంకా మామూలు స్థితికి రాకపోవడం ఒక కారణం కావచ్చు. గోధుమ పూర్తిగా మానిన తర్వాత కూడా పేగు పొర కోలుకోవడానికి నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటవచ్చు. ఐదు నెలల నాటి అనుభవాన్ని చూసి జీవితమంతటికీ నిర్ణయం తీసుకోకండి.

పైన చెప్పిన చక్కెరలు నీటిలో కరుగుతాయి, మనకు ఉపయోగపడే కీలకం ఇదే. పప్పుగింజలను రాత్రంతా నానబెట్టి ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో మెత్తగా ఉడికించి, వీలైతే ఉడికిన నీటిని కూడా వంచేస్తే వాటిలో గణనీయమైన భాగం పోతుంది. కొన్ని విటమిన్లు కూడా కొంత పోతాయి గానీ మాంసకృత్తులు చాలావరకు గింజలోనే ఉంటాయి. మొలకెత్తించినా ఈ చక్కెరలు తగ్గుతాయి. అయితే మొలకలను పచ్చిగా కాక ఉడికించి తినండి. పొట్టు తీసిన ఎర్ర కందిపప్పు, పెసరపప్పు వంటివి గింజలకంటే తేలిగ్గా అరుగుతాయి కాబట్టి వాటితో మొదలుపెట్టండి. మొదటి వారం రోజుకు రెండు చెంచాల ఉడికిన పప్పు మించవద్దు. ఇబ్బంది లేకపోతే వారానికోసారి మరో రెండు చెంచాలు పెంచండి. పేగులోని సూక్ష్మజీవులు కొన్ని వారాల్లో ఈ ఆహారానికి అలవాటు పడతాయి. మానేసి ఒక్కసారిగా గిన్నెడు తింటే, అప్పుడు కలిగిన బాధ చూసి మళ్లీ మానేయడమే జరుగుతుంది. ఆల్ఫా గెలాక్టోసైడేజ్ అనే ఎంజైము మాత్రలు కూడా దొరుకుతాయి. భోజనం మొదట్లో వేసుకుంటే కొందరికి ఉపశమనం ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. పొలంలోనో గిడ్డంగిలోనో గోధుమ, బార్లీ గింజలు పప్పుల్లో కలిసిపోవడం మామూలే. కాబట్టి పప్పులను పళ్లెంలో పరచి జాగ్రత్తగా ఏరి, కడిగి వాడండి. పప్పు తిన్న తర్వాత మీకు కలిగిన బాధలో కొంత ఆ కల్తీ గింజలదే అయినా ఆశ్చర్యం లేదు.

ఒక రోజు ఆహారం ఎలా ఉండవచ్చో చెబుతాను. బరువులన్నీ వండక ముందువి. ఉదయం 60 గ్రాముల క్వినోవాలో 25 గ్రాముల గుమ్మడి గింజలు కలిపి తింటే సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మధ్యాహ్నం 80 గ్రాముల బియ్యం, 40 గ్రాముల ఎర్ర కందిపప్పు, కూర కలిపి 18 గ్రాములు. సాయంత్రం 30 గ్రాముల వేరుశనగ గింజలతో 7 గ్రాములకు పైగా. రాత్రి మళ్లీ బియ్యమో మరో గ్లూటెన్ లేని ధాన్యమో, దానితో 40 గ్రాముల శనగలు, ఆకుకూర కలిపి 17 గ్రాములు. మొత్తం 58 దాటుతుంది. లైసిన్ లెక్క చూస్తే, ఆ రెండు పూటల పప్పుల నుంచే సుమారు 1200 మిల్లీగ్రాములు, అంటే మీ అవసరంలో మూడింట రెండు వంతులు అందుతుంది. మిగిలింది క్వినోవా, గుమ్మడి గింజలు, బియ్యం సులభంగానే తీరుస్తాయి. పప్పులను వదలవద్దని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే. వేరుశనగ కూడా సోయాలాగే కాయధాన్యపు జాతి. సోయా పడనివారిలో చాలామందికి వేరుశనగ పడుతుంది, అయినా మీరు ఇంతవరకూ తినకపోతే అలర్జీ నిపుణులను అడిగిన తర్వాతే మొదలుపెట్టండి. ఆలోగా పొద్దుతిరుగుడు గింజలు వాడుకోండి.

పప్పులు అలవాటయ్యే మొదటి నెలన్నరలో ఈ లెక్క పూర్తిగా కుదరదు. ఆ రోజుల్లో క్వినోవా, తోటకూర గింజలు, బక్‌వీట్ మోతాదు పెంచండి. బక్‌వీట్ పేరులో వీట్ ఉన్నా గోధుమతో దానికి ఏ సంబంధమూ లేదు, అందులో గ్లూటెన్ ఉండదు. ఇవి మూడూ 100 గ్రాములకు 13, 14 గ్రాముల మాంసకృత్తులు ఇస్తాయి, మామూలు ధాన్యాలకంటే వీటిలో లైసిన్ మెరుగ్గా ఉంటుంది. బఠాణీల నుంచి తీసిన ప్రోటీన్ పొడిని కూడా ఆ కొద్దికాలం వాడుకోవచ్చు. దాన్ని తయారుచేసేటప్పుడు ఉబ్బరం కలిగించే చక్కెరలు చాలావరకు తొలగిపోతాయి. ఓట్స్ మంచివే గానీ గ్లూటెన్ లేదని ధ్రువీకరించినవి మాత్రమే, అదీ మీ వైద్యులతో మాట్లాడి తీసుకోవాలి. సీలియాక్ ఉన్న కొద్దిమందికి శుద్ధమైన ఓట్స్ కూడా పడవు.

గ్లూటెన్ లేని బ్రెడ్డు, బిస్కెట్లు కొని తృప్తిపడకండి. వాటిలో చాలావరకు పిండిపదార్థమే తప్ప మాంసకృత్తులు స్వల్పం. పైగా వాటి మెత్తదనం కోసం సోయా పిండి కలపడం పరిపాటి కాబట్టి మీరు ప్రతి పొట్లం మీదా కలిపిన పదార్థాల జాబితా చదవాలి. బాదం పాలనూ లెక్కలోకి తీసుకోకండి. బాదంలో మాంసకృత్తులు బాగానే ఉన్నా, ఆ పాలలో ఎక్కువ భాగం నీరే.

మరొక్క మాట. కడుపు నిండా తినడం కూడా అవసరమే. ఒంటికి కావలసిన శక్తి చాలనప్పుడు, తిన్న మాంసకృత్తులను శరీరం కండ కట్టడానికి కాక ఇంధనంగా ఖర్చుచేస్తుంది. ఉబ్బరానికి భయపడి పూటలు మానకండి. భోజనంతో పాటు నిమ్మరసం, జామ, క్యాప్సికం వంటి సి విటమిన్ ఉన్నవి ఉంటే పప్పుల్లోని ఇనుము బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీలను భోజనానికి గంట దూరంలో ఉంచండి.

ప్రశ్న: నమస్కారం. మా నాన్నగారికి 72 ఏళ్లు, బరువు 65 కిలోలు, జీవితమంతా శాకాహారి. మూత్రపిండాల వ్యాధి మూడో దశలో ఉందని, ప్రోటీన్ తగ్గించాలని వైద్యులు చెప్పారు. అప్పటి నుంచి పప్పు, గింజలు పూర్తిగా ఆపేశాం. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గారు, నడకలో తూలుతున్నారు. మేం చేస్తున్నది సరైనదేనా? – ఒక పాఠకుడు

జవాబు: మీరు ప్రేమతోనే చేశారు, కానీ ‘తగ్గించండి’ అన్న మాట మీ ఇంట్లో ‘ఆపేయండి’గా మారింది. ఇలా జరగడం నేను తరచూ చూస్తుంటాను, ప్రతిసారీ బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ మాటను కొలతతో చెప్పి ఉంటే ఇది జరిగేది కాదు. ఎన్ని గ్రాములకు తగ్గించాలో ఈసారి వైద్యులను సంఖ్యలోనే అడగండి. మూత్రపిండాల వ్యాధిపై 2024లో వెలువడిన కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలు, డయాలసిస్ అవసరం రాని 3 నుంచి 5 దశలవారికి కిలోకు 0.8 గ్రాములు సూచించాయి. మీ నాన్నగారికి అది 52 గ్రాములు. ఆరోగ్యవంతుల అవసరంతో పోలిస్తే అది పెద్ద కోత కాదు. అతిగా తినవద్దన్న హద్దు మాత్రమే. కండ కరిగి బలహీనపడిన వృద్ధులకు అంతకంటే ఎక్కువ ఇవ్వడాన్ని పరిశీలించాలని కూడా ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కొందరికి వైద్యులు కిలోకు 0.6 గ్రాముల వరకూ తగ్గిస్తారు గానీ, అది పోషకాహార నిపుణుల పర్యవేక్షణలో, తగినన్ని కేలరీలు అందేలా చూసుకుంటూ జరగవలసిన పని. డయాలసిస్ మొదలైతే లెక్క తలకిందులవుతుంది. అప్పుడు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి.

రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గడం, తూలడం చిన్న విషయాలు కావు. వచ్చే నెల పరీక్షదాకా ఆగకుండా ఈ వారమే వైద్యులకు చూపించండి.

పప్పుల్లో భాస్వరం ఎక్కువ, మూత్రపిండాల వ్యాధిలో అది మంచిది కాదు కదా అని మీకు ఎవరైనా చెప్పి ఉంటారు. గింజల్లోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో బంధించి ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము మనకు లేదు కాబట్టి సగంకంటే తక్కువే రక్తంలోకి చేరుతుంది. దీనికి భిన్నంగా, నిలవ ఉంచే తినుబండారాల్లోనూ కొన్ని శీతల పానీయాల్లోనూ కలిపే ఫాస్ఫేట్లు దాదాపు పూర్తిగా రక్తంలో కలుస్తాయి. ఇంట్లో పప్పు ఆపి, పొట్లాల్లో దొరికే చిరుతిళ్లు ఇవ్వడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. పొటాషియం విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రక్తంలో అది ఎక్కువగా ఉందని తేలితే, పప్పును నానబెట్టి, ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వంచేయండి. సోడియం తక్కువ అంటూ అమ్మే ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, అది ఆయన దగ్గరకు రానివ్వకండి.

వైద్యులు అంగీకరిస్తే పూటకు 25, 30 గ్రాముల పప్పుతో మళ్లీ మొదలుపెట్టి, మూడు పూటలా అలాగే ఇవ్వండి. వయసు మళ్లినవారి కండరాలు మాంసకృత్తులకు మందకొడిగా స్పందిస్తాయి కాబట్టి ఒక్క పూటలో మొత్తం పెట్టడంకంటే ప్రతి పూటా కొంత అందడం మేలు.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు, బరువు 70 కిలోలు, రోజూ బరువులెత్తే వ్యాయామం చేస్తాను. శాకాహారిని, పాలు అరగవు. వేరుశనగ, జీడిపప్పు, బాదం మూడింటికీ అలర్జీ ఉంది. వేరుశనగ పడనివారు పప్పులన్నీ మానాలని స్నేహితులు చెబుతున్నారు. సోయా తింటే మగవారి హార్మోన్లు తగ్గుతాయని కూడా విన్నాను. నేనేం తినాలి? – ఒక యువ పాఠకుడు

జవాబు: వేరుశనగ అలర్జీ ఉన్నవారిలో ఎక్కువమంది మిగతా పప్పులను ఏ ఇబ్బందీ లేకుండా తింటారు. చర్మపరీక్షలో లేదా రక్తపరీక్షలో ఒక పప్పుకు ప్రతిస్పందన కనిపించినంత మాత్రాన, తిన్నప్పుడు అలర్జీ వస్తుందని అర్థం కాదు. వేరుశనగ జాతికే చెందిన లూపిన్ అనే గింజ మాత్రం మీకు ప్రమాదకరం, అది కొన్ని గ్లూటెన్ లేని పిండ్లలో కలుస్తుంది. ఇన్నాళ్లూ మీరు తింటూ వచ్చిన పప్పులను స్నేహితుల మాట విని మానకండి. బఠాణీ ప్రోటీన్ పొడి వంటి కొత్త పదార్థాన్ని మాత్రం అలర్జీ నిపుణులను సంప్రదించి మొదలుపెట్టండి, ఎందుకంటే పొడిలో ఆ మాంసకృత్తులు గాఢంగా ఉంటాయి.

సోయా గురించిన భయానికి ఆధారం లేదు. పురుషులపై జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణల్లో సోయా వల్ల టెస్టోస్టెరోన్ తగ్గినట్టు కనిపించలేదు. మీకు సోయా పడుతుందంటే అంతకంటే అనుకూలమైన పదార్థం మరొకటి లేదు. నాణ్యతలో అది పాల మాంసకృత్తులకు దగ్గరగా నిలుస్తుంది. క్రమం తప్పక వ్యాయామం చేసేవారికి కిలోకు 1.2 నుంచి 2 గ్రాములు సూచిస్తారు, అంటే మీకు 84 నుంచి 140. నా ఉద్దేశంలో 110 దగ్గర ఆగవచ్చు. మనం మీల్‌మేకర్ అని పిలుచుకునే సోయా ముక్కలు 50 గ్రాములు నానబెట్టి వండితే 25 గ్రాములు, పులియబెట్టిన సోయా గింజలతో చేసే టెంపే 100 గ్రాములు తింటే సుమారు 19 గ్రాములు వస్తాయి. వీటికి రెండు పూటల పప్పు, ధాన్యాలు, గుమ్మడి గింజలు తోడైతే పొడుల అవసరం పెద్దగా ఉండదు. కొనవలసివస్తే, సీసం, కాడ్మియం వంటి లోహాల కోసం స్వతంత్ర ప్రయోగశాలలో పరీక్షించిన పొడినే ఎంచుకోండి. మొక్కల నుంచి తీసిన కొన్ని పొడుల్లో అవి కనిపించిన సందర్భాలున్నాయి. గుమ్మడి గింజలు కొనేటప్పుడు, బాదం, జీడిపప్పు నింపే యంత్రాల మీదనే వాటినీ నింపారేమో పొట్లం మీద చూడండి. అత్యవసరంలో వాడమని మీ వైద్యులు ఎపినెఫ్రిన్ సూది రాసి ఉంటే, వ్యాయామశాలకు వెళ్లేటప్పుడు కూడా అది మీ సంచిలోనే ఉండాలి.